ఆరోగ్య విషయములు: ఊపిరి నిలుపుట యెట్లు?



గడచిన మాసమున బాలింతల యాహారమునుగూర్చి ముచ్చటించుకొంటిమి. అది చదివిన యొక సోదరి నాకొక జాబు వ్రాసిరి. అందలి విషయము మన యిండ్లలో నెవరికైన సంభవింపదగినదే గాన, ఆమె యనుమతితో, పేరు చెప్పక, ఈ నెల దానికే నా ప్రత్యుత్తరమును వ్రాయుచున్నాను.

ఆమె కుమార్తెకు తొలికాన్పు. తల్లియు బిడ్డయు క్షేమముగా నింటికి వచ్చిరి. పదునొకండవ దినమున ఆ చిన్నదానికి హఠాత్తుగా ఆయాసము పుట్టినది. ఊపిరి పీల్చునపుడెల్ల కుడిప్రక్క సూదితో పొడిచినట్లు నొప్పి. వెంటనే ఆసుపత్రికి కొనిపోగా, వైద్యులు ఊపిరితిత్తుల రక్తనాళములలో గడ్డ యడ్డుపడెనేమో యని శంకించి సీ.టీ. స్కాను తీయించిరి. తీరా చూడగా చిత్రము స్పష్టముగా లేదు; మరల తీయవలెననిరి. ఆ గదిలోని యుద్యోగి యొకడు "ఈమె ఊపిరి సరిగా పట్టలేదు" అనినాడట. ఆ మాట బయట కూర్చున్న అత్తవారి చెవిని బడినది. "ఊపిరి పట్టుట కూడ చేతకాలేదా?" యని వారు నొచ్చుకొనిరట. రెండవమారు చిత్రము చక్కగా వచ్చినది, చిన్నగడ్డ కనబడినది, మందు సాగుచున్నది, ప్రాణభయము తొలగినది. కాని యా బాలింత మనసునుండి ఆ మాట తొలగలేదు. "అమ్మా, నేను వారు చెప్పినట్లే చేసితిని గదా" యని తలచుకొని తలచుకొని కన్నీరు పెట్టుకొనుచున్నదట. "నా బిడ్డ చేసిన తప్పేమో మీరైన చెప్పుడు" అని ఆ తల్లి నన్నడుగుచున్నది.

అమ్మా, మీ బిడ్డ తప్పేమియు చేయలేదు. చెప్పినదానిని మిక్కిలి శ్రద్ధగా చేసినది. ఆ శ్రద్ధయే చిత్రమును చెరచి యుండవచ్చును. ఇది వింతగా తోచును గాని, సంగతి తెలిసికొన్నచో వింత యేమియు లేదు.

ముందుగా వ్యాధినిగూర్చి రెండు మాటలు. కాలి సిరలలోనో, పొత్తికడుపు సిరలలోనో రక్తము పేరుకొని గడ్డకట్టుట కలదు. ఆ గడ్డ యూడి రక్తముతోపాటు పైకి కొట్టుకొనివచ్చి, గుండె కుడిభాగమును దాటి, పుపుస ధమనిలో, అనగా గుండెనుండి ఊపిరితిత్తులకు రక్తమును గొనిపోవు నాళములో, చిక్కుకొనును. గడ్డ చిన్నదైన నొప్పి, ఆయాసము; పెద్దదైన ప్రాణాపాయము. గర్భవతులకును బాలింతలకును ఈ భయము హెచ్చు. గర్భము ధరించిన స్త్రీకి సిరలలో గడ్డకట్టు నవకాశము ఇతర స్త్రీలకంటె నాలుగైదు రెట్లు అధికము. ప్రసవానంతరము మొదటి ఆరు వారములలో నది మరింత పెరుగును. ప్రసవకాలమున రక్తస్రావమును అరికట్టుటకై ప్రకృతియే రక్తమునకు గడ్డకట్టు గుణమును హెచ్చించును. నిండుగర్భము సిరలను నొక్కుటచేత కాళ్లలోని రక్తము మందగించును. ఈ రెండును కలిసి యీ ముప్పును దెచ్చును.

మన యిండ్లలో బాలింతను మంచము దిగనీయకుండుట, దాహమైనను నీరు కొలిచి యిచ్చుట కొన్నిచోట్ల నేటికిని ఆచారముగా నున్నది. కదలిక లేకుండుటయు, ఒంటిలో నీరు తగ్గుటయు గడ్డకు దోహదము చేయునవే. పెద్దల ప్రేమను కాదనుట లేదు. కాని వైద్యులు వలదని చెప్పనియెడల బాలింతను ఇంటిలో నాలుగడుగులు నడవనిచ్చి, కావలసినంత నీరు త్రాగనిండు.

ఇక పరీక్షకు వత్తము. 1895వ సంవత్సరమున రోంట్‌జెన్ ఎక్స్‌రే కిరణములను కనుగొనెను. ఆ కిరణములనే శరీరము చుట్టును త్రిప్పి, లోపలి భాగములను పొరలుపొరలుగా చూపు యంత్రమును హౌన్స్‌ఫీల్డు అను ఆంగ్లేయుడు నిర్మించెను. 1971వ సంవత్సరము అక్టోబరు నెలలో లండనునందు మొదటిసారిగా ఒక రోగి తలను ఆ యంత్రముతో చిత్రించిరి. ఆయనకును, అందులకు వలయు గణితమును ముందే యోచించిన కార్మాకునకును 1979లో నోబెల్ బహుమానము లభించినది. ఆనాడు యంత్రము మెల్లగా పనిచేయుచుండెను. కదలక నిలుచు తలకది చాలును. సదా కదలుచుండు రొమ్మునకు చాలదు. 1989 ప్రాంతమున మరచుట్టువలె తిరుగుచు ఎడతెగక చిత్రించు యంత్రములు వచ్చెను. 1992 నాటికి వానితో ఊపిరితిత్తుల నాళములలోని గడ్డలను చూడవచ్చునని వైద్యులు నిరూపించిరి. నేటి యంత్రములు రొమ్మునంతయు కొలది సెకండ్లలోనే చిత్రించుచున్నవి.

అయితే రక్తమును, గడ్డయు ఈ చిత్రములో నించుమించు నొకే బూడిదరంగున నుండును. హౌన్స్‌ఫీల్డు పేరనే యేర్పడిన కొలమానము ప్రకారము నీటికి సున్న, గాలికి సున్నకు దిగువ వేయి. రక్తమునకు సుమారు నలువది. గడ్డయు దాని చెంతనే. పాలలో సున్నము కలిపి విడదీయుమన్నట్లుండును. అందుచేత మోచేతి సిరలో సన్నని గొట్టము నుంచి, అయొడిన్ గల మందును ఎక్కింతురు. జనులు దీనిని 'డై' అనుచుందురు. సెకండునకు నాలుగైదు మిల్లీలీటర్ల చొప్పున, యంత్రమే దానిని వేగముగా లోనికి త్రోయును. ఆ మందు కలిసిన రక్తము చిత్రములో తెల్లగా మెరయును. గడ్డ యున్నచో ఆ తెలుపులో నల్లని మరకవలె కనబడును. తెలుపు కొలమానమున రెండువందలు, రెండువందలయేబది దాటినగాని వైద్యులకు తృప్తి కలుగదు. తెలుపు చాలనియెడల గడ్డ కనబడకపోవచ్చును. లేనిచోట ఉన్నట్లును తోపవచ్చును. ఈ రెండును ప్రమాదములే. మొదటిదానివలన చికిత్స జరుగదు. రెండవదానివలన, రక్తమును పలుచనచేయు మందు నిష్కారణముగా నెలలతరబడి వాడవలసివచ్చును. పచ్చిబాలింతకు దానివలన రక్తస్రావభయము కలదు.

ఆ తెలుపు తగ్గుట కెన్నియో కారణములు గలవు. వానిలో మనకు సంబంధించినది ఊపిరి.

ఇది బోధపడుటకు ఒక యుపమానము చెప్పెదను. గోదావరి డెల్టాలో రెండు కాలువలు కలిసి ఒక్కటిగా సాగుచోటు మీలో కొందరు చూచియే యుందురు. ఒక కాలువలో పసుపునీరు పోసితిమనుకొనుడు; రెండవదానిలో మామూలునీరే. కూడలి దాటినపిదప నీరు పచ్చగా కనబడవలెనన్న, పసుపుకాలువ జోరుగాను, రెండవది నెమ్మదిగాను ఉండవలెను. ఆ సమయముననే యెవరైన రెండవ కాలువ లాకులు ఎత్తివేసినచో? మామూలునీరు ఉరవడిగా వచ్చిపడి పసుపును పలుచన చేసివేయును.

మన గుండె కుడిభాగము అట్టి కూడలియే. తలనుండియు చేతులనుండియు రక్తము పైనుండి ఒక పెద్ద సిర ద్వారా దిగును. మందు వచ్చునది దీనిలోనే. కాళ్లనుండియు, కడుపునుండియు రక్తము క్రిందినుండి మరియొక పెద్ద సిర ద్వారా ఎక్కును. దీనిలో మందు లేదు. మామూలుగానే మనకు తిరిగివచ్చు రక్తములో సుమారు మూడింట రెండువంతులు క్రిందినుండి వచ్చునదే. ఇప్పుడు మనము గుండెలనిండ ఊపిరి పీల్చితిమనుకొనుడు. రొమ్ములో ఒత్తిడి తగ్గి, అది రక్తమును లోనికి లాగును. అదే సమయమున రొమ్మునకును కడుపునకును నడుమనుండు కండరపుపొర క్రిందికి దిగి కడుపును నొక్కును. అడుగునుండి నొక్కుడు, పైనుండి లాగుడు. క్రింది సిరలోని మందులేని రక్తము ఒక్కుమ్మడిగా గుండెకు చేరును. లాకులు తెరచినట్లే! సరిగా ఆ క్షణముననే యంత్రము చిత్రించినచో పుపుస ధమని తెల్లబడక బూడిదరంగుననే యుండును. చిత్రమేమనగా, అప్పుడు పై సిర తెల్లగనే యుండును. ఎడమప్రక్కనుండి వెలువడు బృహద్ధమనియు తెల్లగనే యుండవచ్చును. ముందు పోయిన మందు ముందు పోయినది; వెనుక వచ్చునది వెనుక నున్నది; నడుమ మాత్రము వెలితి. అనుభవజ్ఞులైన వైద్యులు దీనినిబట్టియే ఇది ఊపిరివలన కలిగిన లోపమని గుర్తింతురు.

గర్భవతులకును, ఇటీవల ప్రసవించినవారికిని ఈ లోపము తరచుగా కలుగును. ఏలయన, గర్భిణి శరీరమున రక్తము పరిమాణమున హెచ్చి, గుండె వేగముగా కొట్టుకొనుచుండును. క్రింది సిరనుండి వచ్చు ధారయు బలమైనది. కావున మీ బిడ్డకు జరిగినది ఆమె చేతకానితనము గాదు. ఆమె యున్న స్థితికే యది సహజము.

ఇక రెండవ పొరపాటు. ఊపిరి నిలుపుమనగా కొందరు పెదవులు బిగించి, గొంతు మూసి, కడుపు బిగించి ముక్కుదురు. బరువైన బిందె నెత్తునపుడు మనము చేయునది ఇదే. అప్పుడు రొమ్ములో ఒత్తిడి పెరిగి, చేతినుండి వచ్చు మందు పై సిరలోనే నిలిచిపోవును. ఆ పట్టు వదలినంతనే మందులేని రక్తము ముందుగా జొరబడును. ఏ విధముగా చూచినను చిత్రము చెడును.

ఇచ్చట బాలింతలు గమనింపవలసిన సంగతి యొకటి కలదు. ప్రసవపుగదిలో నర్సమ్మ యేమి నేర్పినది? "గట్టిగా ఊపిరి పీల్చుకో, బిగబట్టు, ముక్కు" అనియే గదా! ఆ మాటను ప్రాణములు పణముగా పెట్టి పాటించి బిడ్డను కనినది ఆ పిల్ల. పదునొకండు దినములు గడువలేదు. మరల ఒక ఆసుపత్రి గది, మరల ఒక బల్ల, మరల "ఊపిరి పీల్చి బిగబట్టు" మను గొంతు. ఆమె మరేమి చేయును? నేర్చినదే చేసినది. సోదరీ, మీ బిడ్డను కూర్చుండబెట్టి ఈ యొక్కమాట చెప్పుడు.

మన భాషలోని మాట కూడ కొంత చిక్కు కల్పించుచున్నది. 'బిగబట్టు' అనినంతనే ఒడలు తానే బిగియును. 'ఆపు' మనిన చాలును. 'గట్టిగా పీల్చు' మనుట కూడ ఈ పరీక్షకు తగినమాట గాదు. కొన్ని చోట్ల యంత్రములోనుండి వెలువడు ఆజ్ఞ ఆంగ్లముననో, హిందీలోనో యుండును. భాష తెలియని పల్లెపడుచు బెదరి, ఆలస్యముగా, ఒక్కసారిగా పెద్దయూపిరి తీయుట సహజము. అట్టిచోట "మాకు తెలుగులో చెప్పుడు, ముందుగా ఒకసారి అభ్యాసము చేయింపుడు" అని యడుగుటకు సంకోచింపకుడు. అది యడుగుట మీ హక్కు. చెప్పుట వారికిని మేలే.

యోగాభ్యాసముగల సోదరీమణులకు వేరుగా నొక మాట. పూరక, కుంభక, రేచకములలో ఆరితేరిన వారు ఈ బల్లపై పడుకొన్నంతనే నిండుపూరకము చేసి కుంభకము పట్టుదురు. నిత్యాభ్యాసమునకు తగిన ఆ నేర్పు ఈ పరీక్షకు పనికిరాదు. ఇచ్చట కావలసినది నిండుకుండ గాదు, సగముకుండ.

అయినచో నెట్లు చేయవలెను? అనేక ఆసుపత్రులలో నిప్పుడు పాటించు పద్ధతి యిది. రోగి మామూలుగా నెమ్మదిగా ఊపిరి తీయుచుండవలెను. ఆజ్ఞ వినినంతనే కొలదిగా మాత్రమే పీల్చి, లేదా ఉన్నదున్నట్లుగనే, ఊపిరిని ఆపవలెను. పెదవులు బిగింపరాదు, కడుపు బిగింపరాదు. కొన్నిచోట్ల మెల్లగా ఊపిరి విడిచినపిదప ఆపుమందురు. రొమ్ములోనికి రక్తము ఒక్కుమ్మడిగా లాగబడకుండుటయే వీని యన్నిటి యుద్దేశము. ఏ ఆసుపత్రిలో నే పద్ధతియో, అక్కడివారు చెప్పినదానినే చేయవలెను గాని, నా వ్యాసము చదివి మీయంతట మీరు మార్చుకొనరాదు. "ఎంత పీల్చవలెను? మామూలుగనా, నిండుగనా?" అని ముందుగా అడిగి తెలిసికొనుడు. ఆ ప్రశ్న యొక్కటి చాలును.

అట్లని ఊపిరిని అసలే ఆపనక్కరలేదని కాదు. ఊపిరి తీయుచుండగా రొమ్ము కదలును. కదలిన చిత్రము చెదరును. ఒక నాళము రెండుగా కనబడును. అంచులు మసకబారి, లేని గడ్డ ఉన్నట్లు భ్రమ కలుగును. ఊపిరితిత్తుల అడుగుభాగములు మిక్కిలి కదలును గనుక, కొందరు అడుగునుండి పైకి చిత్రింతురు. రోగి ఊపిరి ఆపలేక చివర వదలినను, అప్పటికి ముఖ్యభాగము పూర్తియై యుండును. మిక్కిలి ఆయాసముగలవారు ఆపలేమని ముందే చెప్పవలెను. వేగముగల యంత్రములైనచో, మెల్లగా ఊపిరి తీయుచుండగనే చిత్రించుటకు వీలగును. ఆపగలమని చెప్పి, నడుమ ఉక్కిరిబిక్కిరియై పెద్దయూపిరి తీయుటకంటె అది మేలు.

ఈ లోపము మన యిండ్లకే పరిమితము గాదు. అమెరికాలో జరిగి, 2006లో ప్రకటింపబడిన యొక పెద్ద పరిశోధనలో 824 మందికి ఈ చిత్రములు తీయగా, 51 మందివి స్పష్టత చాలక తీర్పు చెప్పుటకు పనికిరాకపోయెను. అనగా నూటికి ఆరుగురు. కారణము లందరికి నొక్కటియే కాకపోవచ్చును. కాని, మంచి యంత్రములు, నేర్పరులైన వైద్యులు ఉన్నచోటనే ఇట్లు జరిగినపుడు, మీ బిడ్డ ఒక్కతెయే ఏదో చేయరాని తప్పు చేసినదనుట యెంతటి యన్యాయము!

బల్లపై పడుకొనబోవు సోదరీమణులు ఇంకను కొన్ని సంగతులు తెలిసికొనవలెను. చేతులు తలపైకి ఎత్తియుంచుమందురు. మందు ఎక్కునపుడు ఒడలంతయు వేడి పాకినట్లు, నోట లోహపురుచి తగిలినట్లు, మూత్రము జారినట్లు తోచును. నిజముగా జారదు. ఈ వేడికి అదరిపడి 'అమ్మో' యని ఊపిరి లాగువారే పలువురు. ముందే తెలిసియున్నచో అదరుపాటు కలుగదు. ఇదివరలో నిట్టి మందు పడక దద్దురులు లేచినను, మూత్రపిండముల జబ్బున్నను, మధుమేహమునకు మందు వాడుచున్నను దాచక చెప్పవలెను.

పాలిచ్చు తల్లులు "ఆ మందు పాలలోనికి దిగునేమో" యని భయపడి, బిడ్డను పాలకు దూరము చేయుచుందురు. తల్లికిచ్చిన మందులో నూటింట ఒక్కవంతుకంటె తక్కువే పాలలోనికి దిగును. అందులోను నూటింట ఒక్కవంతుకంటె తక్కువే బిడ్డ ప్రేగులనుండి రక్తమున చేరును. కావున పాలు మానిపింపనక్కరలేదు. గర్భవతి విషయమున, ఈ పరీక్షవలన కడుపులోని శిశువునకు సోకు కిరణములు సాధారణముగా ఒక మిల్లీగ్రే కైన నుండవు. ఏబది మిల్లీగ్రేలకు లోపు మోతాదువలన శిశువునకు అంగవైకల్యము కలుగునట్లు కనబడలేదు. తల్లి రొమ్ములకు మాత్రము కొంత కిరణము సోకును. అందుచేతనే మొదటి చిత్రమే చక్కగా వచ్చుట మేలు. రెండవమారు తీసినచో ఆ కిరణము, ఆ మందు మరల భరింపవలెను. గర్భిణికి కాలు వాచియున్నచో, ముందుగా కాలికి అల్ట్రాసౌండు పరీక్ష చేయుట కలదు. దానిలో గడ్డ కనబడినచో, ఈ చిత్రముతో పనిలేకయే చికిత్స ఆరంభింపవచ్చును. కాని వైద్యులు సీ.టీ. కావలెననినపుడు, కిరణములకు జడిసి నిరాకరింపరాదు. కనుగొనబడని గడ్డ కిరణములకంటె క్రూరమైనది.

చికిత్సనుగూర్చియు ఆ సోదరి అడిగినారు. గడ్డను కరగనిచ్చి, క్రొత్తది పుట్టనీయని మందులు సాధారణముగా మూడు మాసములకు తక్కువ గాకుండ వాడుదురు. హెపారిన్ సూదిమందును, వార్ఫరిన్ బిళ్లలును చంటిబిడ్డకు పాలిచ్చుచు వాడదగినవే. తమంతట తాము మానరాదు, మోతాదు మార్చరాదు. మరల గర్భము నిలిచినచో మొదటిదినముననే వైద్యులకు ఈ సంగతి తెలుపవలెను.

ప్రసవించిన స్త్రీకి హఠాత్తుగా ఆయాసము, ఊపిరి పీల్చునపుడు రొమ్ములో పోటు, దగ్గుతో రక్తపుజీర, కండ్లు తిరిగి పడిపోవుట, ఒక్క కాలే వాచి నొప్పిపెట్టుట, వీనిలో నేది కనబడినను 'బాలింత నీరసము' అని కషాయములతో కాలము గడపకుడు. ఆ రాత్రియే ఆసుపత్రికి కొనిపోవుడు. ఈ జాబు వ్రాసిన తల్లి ఆ పని చేసినది గనుకనే, నేడు ఆమె కుమార్తె బిడ్డను ఒడిలో నిడుకొని కూర్చున్నది.

తోడుగా వెళ్లువారికి కూడ ఒక పని గలదు. పిలుపు వచ్చునంతవరకు వెలుపల కూర్చుండునపుడు, రోగిచేత రెండుమూడు మారులు అభ్యాసము చేయింపుడు. "మామూలుగా ఊపిరి తీయుము. ఇప్పుడు ఆపుము" అని చెప్పి, మెల్లగా పదివరకు లెక్కపెట్టుడు. పిమ్మట "వదలుము" అనుడు. భుజములు పైకి లేచినచో ఎక్కువ పీల్చినదని తెలిసికొని, నవ్వుచు సరిదిద్దుడు. అంతే. దీనికై పరీక్షను ఆలస్యము చేయనక్కరలేదు. ఆయాసముచే బాధపడుచున్నవారిని వేధింపనక్కరలేదు. చేయిపట్టుకొని ఈ మాత్రము చెప్పువారొకరున్నచో, ఆ పిల్లకు సగము భయము తీరును.

అత్తగార్లకును ఒక మాట. గడ్డ యడ్డుపడిన నాళముతో, పొడుచుచున్న నొప్పితో, ఇంటనున్న పసికందును తలచుకొనుచు బల్లపై పడుకొన్న కోడలు ఊపిరి పట్టలేకపోయినదని నొచ్చుకొనుట మీకు తగదు. రెండవమారు తీయవలెనని విన్నపుడు, "పోనిలే తల్లీ, ఈసారి మెల్లగా" అనుడు. ఆ మాటకు ఖర్చు లేదు.

సోదరీ, మీ కుమార్తెకు ఈ పుట చదివి వినిపింపుడు. బిడ్డకు ఆరవనెల వచ్చి అన్నప్రాశనము చేయునపుడు నాకొక కార్డు వ్రాయుడు. వచ్చు సంచికలో ప్రసవానంతరము కాళ్లకు చేయదగిన తేలిక వ్యాయామములనుగూర్చి ముచ్చటించుకొందము.